వజ్రానికి పేరిచ్చిన వ్యాపారి – అలెగ్జాండర్ మాల్కం జాకబ్

పోటీ పరీక్షలకు చదివే మా అందరికీ జాకబ్ వజ్రం ఒక్క మార్కు ప్రశ్న. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొన్న వజ్రం ఏది, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాగితాల మీద బరువుగా పెట్టుకున్న వజ్రం ఏది అని అడుగుతారు. కోహినూర్, హోప్, దరియా-ఎ-నూర్ పక్కన నాలుగో జవాబుగా జాకబ్ ఉంటుంది. టిక్కు పెట్టి ముందుకు పోతాం. ఆ జాకబ్ ఎవరని మాత్రం ఏ బిట్టు పేపరూ అడగదు.

ఆయన రాజు కాదు, దొర కాదు, గనికి యజమానీ కాదు. ఒక నగల వ్యాపారి. ఆ వజ్రాన్ని మన నిజాంకు తెచ్చి అమ్మినవాడు. అమ్మి, కేసు గెలిచి, సర్వం పోగొట్టుకున్నవాడు. నిజాం నగల గురించి పత్రికల్లో ఎన్నోసార్లు రంగుల బొమ్మలతో వ్యాసాలు వచ్చాయి. వాటిలో జాకబ్‌కు దక్కేది రెండు వాక్యాలే. కాబట్టి మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఆయన జీవితం రాద్దామని మేము అనుకున్నాము.

జాకబ్ 1849 ప్రాంతంలో తుర్కీ సుల్తానుల ఏలుబడిలోని దేశంలో పుట్టాడు. దియార్‌బకిర్ వైపు క్రైస్తవ కుటుంబం వాడని ఆయన మీద పని చేసిన పరిశోధకులు అంటారు. ఆయన మాత్రం ఒక్కొక్కరికి ఒక్కో కథ చెప్పేవాడు. అందరూ ఎక్కువగా రాసిన కథ ఇది. పదేళ్ళ వయసులో బానిసగా అమ్ముడుపోయాడు. కొన్న పాషా పిల్లవాడి తెలివి చూసి చదువు చెప్పించాడు. యజమాని పోయాక జాకబ్ యాత్రికుల వెంట మక్కా వెళ్ళి, జెద్దా రేవులో ఓడ ఎక్కి, 1865 ప్రాంతంలో బొంబాయిలో దిగాడు. అప్పుడు చేతిలో పైసా లేదు.

ఇందులో ఎంత నిజమో ఎంత కల్పనో ఇప్పుడు తేల్చడం కష్టం. తేల్చనవసరం కూడా లేదని మాకు అనిపిస్తుంది. కొత్త ఊళ్ళో, పెద్ద కాలేజీలో, ఇంటర్వ్యూ గదిలో ఎక్కడి నుంచి వచ్చావు, మీ నాన్న ఏం చేస్తాడు అన్న ప్రశ్న ఎంత బరువుంటుందో సాంఘిక సంక్షేమ హాస్టల్ నుంచి వచ్చిన మాకు ఒకరు చెప్పనక్కరలేదు. జాకబ్ ఆ ప్రశ్నకు జీవితమంతా కథలతో జవాబు చెప్పాడు. ఎదుటివాడు ఆ కథల్లో పడి అసలు ప్రశ్న మరిచిపోయేవాడు.

బొంబాయి నుంచి మొదట హైదరాబాదే వచ్చి, ఒక నవాబు దగ్గర కొన్నాళ్ళు కొలువు చేశాడని చెబుతారు. తరువాత కలకత్తా, ఢిల్లీ. రాళ్ళను గుర్తుపట్టడం, వెల కట్టడం అక్కడే నేర్చుకున్నాడు. 1870ల్లో సిమ్లా చేరి దుకాణం పెట్టాడు. సిమ్లా ఎందుకంటే, ఆ రోజుల్లో ఎండాకాలం రాగానే వైస్రాయి, ఆయన కార్యాలయం, అధికారులు, వాళ్ళ కుటుంబాలు అంతా ఆ కొండ మీదికి పోయేవారు. పని ఉన్న మహారాజులూ వాళ్ళ వెనకే పోయేవారు. అంటే ఏడాదిలో సగం రోజులు హిందూదేశంలోని డబ్బు, అధికారం ఒక్క బజారులో తిరిగేవన్న మాట. నగల దుకాణానికి అంతకంటే మంచి చోటు ఉండదు.

ఆ దుకాణం ఎలా ఉండేదో ఊహించడానికి మనకు రెండు ఆంగ్ల నవలలు ఉన్నాయి. అమెరికా రచయిత మారియన్ క్రాఫర్డ్ సిమ్లాలో జాకబ్‌ను కలిసి, 1882లో ఆయననే కథానాయకుడిగా మిస్టర్ ఐజాక్స్ అనే నవల రాశాడు. 1901లో వచ్చిన కిప్లింగ్ కిమ్ నవలలో లర్గన్ సాహెబ్ అనే రాళ్ళ వైద్యుడు ఉంటాడు, ఆయనా జాకబే. బతికుండగానే రెండు నవలల్లోకి ఎక్కిన వ్యాపారి మన దేశంలో ఇంకొకరున్నారా అని మేము వెతికాము. మాకు దొరకలేదు.

దుకాణం నిండా వజ్రాలు, పచ్చలు, కెంపులు, టిబెట్ విగ్రహాలు, పాత కత్తులు, చైనా పింగాణీ. జాకబ్ ఉండే బంగళా పేరు బెల్వెడేర్. ఇల్లు అంత వైభవంగా ఉన్నా మనిషి మాత్రం మాంసం ముట్టడు, మద్యం తాగడు, ఒంటి మీద ఆడంబరం ఉండదు. అరబ్బీ, పారశీకం, ఉర్దూ, ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడేవాడు. మంత్రాలు తెలుసని, నీళ్ళ మీద నడుస్తాడని ప్రచారం ఉండేది. ప్రభుత్వానికి రహస్య సమాచారం అందిస్తాడని కొందరు, రష్యా గూఢచారి అని ఇంకొందరు గుసగుసలాడేవారు. వీటిని జాకబ్ కాదనలేదు, ఔననలేదు. గిరాకీ పెరుగుతుంటే ఏ వ్యాపారి కాదంటాడు?

ఇక్కడ వ్యాపారం ఎలా నడిచేదో కొంచెం చెప్పాలి. అది తెలియకపోతే తరువాతి కేసు అర్థం కాదు. మన ఊళ్ళో అవుసలాయన దగ్గరికి పోతే మన బంగారం మనమే ఇచ్చి, మజూరీ మాట్లాడుకుని, వస్తువు చేయించుకుంటాం. పెద్ద రాళ్ళ బేరం అలా ఉండదు. కోట్ల విలువైన రాయిని ఏ వ్యాపారీ సొంత డబ్బుతో కొని పెట్టుకోలేడు. అసలు యజమాని లండన్‌లోనో ఆమ్‌స్టర్‌డామ్‌లోనో ఉంటాడు. మధ్యలో ఉన్నవాడు కొనేవాడిని వెతుకుతాడు, నమూనా చూపిస్తాడు, బయానా తీసుకుని సరుకు తెప్పిస్తాడు. నచ్చితే బేరం, లేకపోతే వాపసు అన్న షరతుతో సరుకు ఇవ్వడాన్ని మన దేశపు రాళ్ళ బజారులో జాంగడ్ అంటారు. అంతా నమ్మకం మీద నడుస్తుంది. ఆ నమ్మకం తెగిన రోజు యజమానికి అతని రాయి ఉంటుంది, కొనేవాడికి అతని రాజ్యం ఉంటుంది. మధ్యవాడి దగ్గర ఏమీ ఉండదు.

ఇక హైదరాబాదు సంగతి. మన పెద్దకొడప్‌గల్‌తో సహా ఈ ప్రాంతమంతా అప్పుడు నిజాం రాజ్యంలోనిదే. మహబూబ్ అలీ ఖాన్ 1866లో పుట్టి, మూడేళ్ళు నిండకుండానే 1869లో గద్దెనెక్కాడు. 1884లో వైస్రాయి రిప్పన్ వచ్చి పూర్తి అధికారాలు అప్పగించాడు. పులుల వేటగాడు, దాత, పాము కాటుకు ఆయన పేరు తలిస్తే విషం దిగుతుందని జనం నమ్మిన ప్రభువు. బట్టలు, బూట్లు, నగలు అంటే అంతులేని ఇష్టం. పురానీ హవేలీలో ఆయన బట్టల కోసం కట్టిన రెండంతస్తుల చెక్క బీరువాల వరుసను ఇప్పటికీ చూడవచ్చు.

నిజాంకు బట్టలు తొడిగే కొలువులో ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మేనియన్ ఉండేవాడు. ప్రభువు ఎప్పుడు సంతోషంగా ఉన్నాడో, ఎప్పుడు చిరాకుగా ఉన్నాడో దివాన్‌కంటే ఆయనకే ముందు తెలుస్తుంది. కాబట్టి వ్యాపారులందరూ ఆబిద్‌నే పట్టుకునేవారు, జాకబ్ కూడా. తరువాత ఆబిద్ నగరంలో పెద్ద దుకాణం పెట్టాడు. హైదరాబాదులో కోచింగ్‌కు పోయిన మన హాస్టల్ వాళ్ళంతా ఆదివారం పాత పుస్తకాల కోసం తిరిగే ఆబిడ్స్, ఆ దుకాణం పేరు మీద వచ్చిందే. ఈ కథలో నగలు అమ్మినవాడి పేరు రాయికి మిగిలింది, బేరం కుదిర్చినవాడి పేరు బజారుకు మిగిలింది.

ఆ రాయి మన నేలది కాదు. చాలామంది గోల్కొండ వజ్రమని పొరబడతారు. కృష్ణా తీరంలో కొల్లూరు వంటి గనులు ప్రపంచానికి పేరుమోసిన వజ్రాలు ఇచ్చి, అప్పటికే వట్టిపోయాయి. గోల్కొండను ఏలే నిజాం వజ్రం కోసం ఆఫ్రికా వైపు చూడాల్సి వచ్చింది. దక్షిణాఫ్రికాలో దొరికి 1884లో లండన్ చేరిన ఆ ముడిరాయి బరువు 450 క్యారెట్లకు పైగా ఉండేది. 1887లో ఆమ్‌స్టర్‌డామ్‌లో నెదర్లాండ్స్ రాణి చూస్తుండగా సానకు పెట్టారు. సాన అయ్యేసరికి సగానికి పైగా పొడి అయిపోయి, 184.75 క్యారెట్లు మిగిలింది. ఒక క్యారెట్ అంటే గ్రాములో ఐదో వంతు. ఆ లెక్కన దాదాపు 37 గ్రాములు, పాత తులాల్లో మూడు తులాలకు పైచిలుకు. నాలుగు సెంటీమీటర్ల పొడవు. దానికి ఇంపీరియల్ అని, విక్టోరియా అని పేర్లు పెట్టారు.

దాన్ని తవ్విన మనిషి పేరు ఎక్కడా లేదు. ఆ సంవత్సరాల్లోనే, 1885 నుంచి, కింబర్లీ గనుల యజమానులు నల్లజాతి కూలీలను కంచె వేసిన ఆవరణల్లో ఉంచడం మొదలుపెట్టారు. ఒప్పందం ముగిసేదాకా బయటికి పోవడానికి లేదు. పోయేటప్పుడు నోరు, చెవులు, ఒళ్ళంతా వెతికేవారు. నిజాం నగల వ్యాసాల్లో ఈ సంగతి కనిపించదు. వజ్రం కథ సిమ్లా దుకాణంలో మొదలైనట్టు రాస్తారు. మా దృష్టిలో ఆ కంచె దగ్గర మొదలుపెట్టాలి.

1891లో జాకబ్ ఆ వజ్రం నమూనాతో హైదరాబాదు వచ్చాడు. మొదట కోటికి పైగా అడిగాడంటారు. చివరికి 46 లక్షలకు మాట కుదిరింది. రాయిని లండన్ నుంచి తెప్పించడానికి నిజాం సగం సొమ్ము, 23 లక్షలు, ముందుగా కట్టాడు. జాకబ్‌కు రాయి అందులో సగానికి తక్కువకే పడేదని రాసినవాళ్ళు ఉన్నారు. లాభం ఎక్కువే వేసుకున్నాడు, దాన్ని మేము సమర్థించడం లేదు. అయితే ఆ 23 లక్షలు ఎవరివి అని కూడా అడగాలి. నిజాం చెమటోడ్చి సంపాదించినవి కావు. మన తాతముత్తాతలు దొరలకు, పటేల్ పట్వారీలకు కట్టిన శిస్తులోంచి వచ్చినవే. రైతు కట్టిన రూపాయి లండన్‌కు పోయి తెల్లరాయి అయి తిరిగి వచ్చింది.

బేరం సంగతి బ్రిటిష్ రెసిడెంట్ చెవిన పడింది. రాజ్యం అప్పుల్లో ఉండగా ఇంత ఖర్చేమిటని అభ్యంతరం చెప్పాడు. నిజాం ఇరుకున పడ్డాడు. జాకబ్ రాయిని తెచ్చి చేతిలో పెడితే నచ్చలేదన్నాడు, బయానా తిరిగి ఇమ్మన్నాడు. నచ్చకపోతే వాపసు అన్నది షరతు అని నిజాం పక్షం వాదన. బేరం ఖాయమైంది కాబట్టే సొమ్ము పంపి రాయి తెప్పించానని జాకబ్ వాదన. సొమ్ము అప్పటికే లండన్ యజమానులకు చేరింది, తిరిగి ఇవ్వడానికి జాకబ్ దగ్గర లేదు.

ఇలాంటి చోట మనం సివిల్ దావా అనుకుంటాం. నిజాం ప్రభుత్వం క్రిమినల్ కేసు పెట్టించింది. నమ్మి ఇచ్చిన సొమ్ము కాజేశాడన్న నేరం మీద జాకబ్‌ను అరెస్టు చేశారు. కలకత్తా హైకోర్టులో విచారణ. దేశంలో పెద్ద పెద్ద బారిస్టర్లు రెండు పక్షాలా దిగారు. పత్రికలు రోజూ రాశాయి. ఫిర్యాదీ నిజాం కాబట్టి ఆయన సాక్ష్యం కావాలి. నిజాం కలకత్తా బోనులోకి ఎక్కలేదు. ఒక కమిషన్ హైదరాబాదు వచ్చి ఆయన వాంగ్మూలం తీసుకుంది. ఒక నగల వ్యాపారి వకీలు అడిగిన ప్రశ్నలకు హైదరాబాదు ప్రభువు కూర్చుని జవాబు చెప్పాల్సి రావడం దర్బారుకు తల తీసేసినంత పని అయింది. 1891 డిసెంబర్‌లో జాకబ్ నిర్దోషి అని తీర్పు వచ్చింది.

కథ ఇక్కడితో ఆగితే మేము ఇది రాసేవాళ్ళం కాదు. కేసు గెలిచాడు కదా, మిగిలిన 23 లక్షలు రావాలి కదా అని ఎవరైనా అనుకుంటారు. నిజాం మీద దావా వేయాలి. అప్పటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం సంస్థానాధీశుడి మీద దావా వేయాలంటే ముందు భారత ప్రభుత్వం అనుమతి కావాలి. ప్రభుత్వానికి నిజాం కావాలి గాని జాకబ్ అక్కరలేదు. అంటే ప్రభువు వ్యాపారిని బోను ఎక్కించవచ్చు, వ్యాపారి ప్రభువును ఎక్కించలేడు. ఒకే కోర్టు, ఒకే చట్టాల పుస్తకం. అందులో ఒక తలుపు ఒక వైపు నుంచే తెరుచుకుంటుంది.

ఇది మాకు కొత్తగా అనిపించలేదు. ఫీజు కట్టే నెలలో అమ్మ చెవుల కమ్మలు, కాళ్ళ పట్టీలు కుదువ పెట్టని ఇల్లు మాలో తక్కువ. షావుకారి చేతిలో వస్తువు పెట్టాక మనకు మిగిలేది చిన్న చిట్టీ. ఆ చిట్టీ మీద అక్షరాలు ఆయనే రాస్తాడు, వడ్డీ ఆయనే లెక్కిస్తాడు, గడువు దాటిందో లేదో ఆయనే చెబుతాడు. న్యాయం మన వైపు ఉండటం వేరు, మన సొమ్ము మన చేతికి రావడం వేరు. జాకబ్ పెద్దవాళ్ళ లోకంలో బతికాడు, మన లెక్కలో ఆయన ధనవంతుడే. అయినా నిజాం ముందు ఆయన చేతిలో ఉన్నదీ చిట్టీయే.

చివరికి రాజీ మీద వజ్రం నిజాంకే చేరింది. మిగతా సొమ్ము జాకబ్‌కు దక్కలేదు. బారిస్టర్ల ఫీజులకు ఉన్నదంతా ఊడ్చుకుపోయింది. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకొకటి. రాజులకు సరుకు అమ్మి బతికేవాడు ఒక రాజుతో కోర్టుకెక్కాక మిగతా రాజులు గడప తొక్కనిస్తారా? గిరాకీ పోయింది. బాకీ ఉన్నవాళ్ళు ఇవ్వడం మానేశారు. సిమ్లాలో ఇల్లు, దుకాణం, ఏళ్ళ తరబడి కూడబెట్టిన వస్తువులు ఒక్కొక్కటే అమ్ముకుని బొంబాయి చేరాడు. ఒకప్పుడు ఓడ దిగిన ఊరికే తిరిగి వచ్చాడన్న మాట. అక్కడ పాత పింగాణీ సామాను అమ్ముతూ కాలం గడిపాడు. చూపు పోయింది. రంగు చూసి రాయి ఏ దేశానిదో చెప్పేవాడని పేరుపడ్డ కళ్ళు అవి. 1921లో బొంబాయిలోనే పేదవాడిగా చనిపోయాడు.

మహబూబ్ అలీ ఖాన్ అంతకు పదేళ్ళ ముందే, 1911లో మరణించాడు. ఇంత పరువు తీసిన రాయిని ఆయన తరువాత ఒంటి మీద పెట్టుకోలేదంటారు. చౌమహల్లా ప్యాలెస్‌లో తండ్రి పాత జోడు మొనలో గుడ్డ చుట్టి దాచిన ఆ వజ్రం ఉస్మాన్ అలీ ఖాన్‌కు దొరికిందని, ఆయన దాన్ని కాగితాలు ఎగరకుండా వాడాడని హైదరాబాదులో అందరూ చెప్పుకుంటారు. మన బిట్టు ప్రశ్న అక్కడిదే. 1971లో 26వ రాజ్యాంగ సవరణతో రాజుల బిరుదులకు గుర్తింపు, రాజభరణాలు రద్దయ్యేదాకా సంస్థానాల దర్జా ఏదో ఒక రూపంలో సాగింది. జాకబ్‌కు ఆ కాలం అందలేదు.

ఏడో నిజాం నగలను ట్రస్టుల్లో పెట్టి 1967లో కన్నుమూశాడు. వాటిని విదేశీ వేలానికి పోనివ్వకుండా ఏళ్ళ తరబడి కోర్టుల్లో వివాదం నడిచి, 1995లో భారత ప్రభుత్వం దాదాపు 218 కోట్లకు 173 వస్తువులు కొన్నది. ఏడు పేటల ముత్యాల సత్‌లడా, తలపాగా మీద పెట్టే సర్పేచ్‌లు, బాజూబంద్‌లు, పచ్చలు, వాటితో పాటు ఈ వజ్రం. లోకం ఇంపీరియల్, విక్టోరియా పేర్లు మరిచిపోయి దాన్ని జాకబ్ వజ్రం అనే పిలుస్తోంది. నిజాం పేరు పెట్టలేదు, రాణి పేరు నిలవలేదు.

రిజర్వు బ్యాంకు భద్రతలో ఉన్న ఈ నగలను హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో 2001లో, 2006లో ప్రదర్శించారు. 2019లో ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో పెట్టారు. మళ్ళీ హైదరాబాదుకు వస్తే మన హాస్టల్ నుంచి ఒక బస్సు కట్టించుకుని పోదామని వార్డెన్ సారును ఇప్పుడే అడిగి ఉంచుతున్నాము. పోయినప్పుడు అద్దం దగ్గర తోపులాట ఎక్కువగా ఉంటుంది తమ్ముళ్ళూ, పక్కన పెట్టిన చిన్న అట్ట మీద పేరు కూడా చదవండి.